బావ చేసిన చక్రాల మూతలు

పెట్రోలు ధర బాగా పెరిగిన ఏడాది, చిత్తూరులో మా సంఘపెద్దలు కూర్చుని, నెలకోసారి కారులో పలమనేరు వెళ్లి అక్కడి చిన్న సంఘానికి ఆరాధన జరిపే పని ఇక మానుకుందామన్నారు. ఆ పదిహేను కుటుంబాలకు మా పాస్టరయ్యగారు తప్ప వేరే దిక్కు లేదు. ఆయన తలవంచుకున్నారు.

అప్పుడు మా అక్క మొగుడు లేచాడు. బావ రేకు పెట్టెలు చేసేవాడు. సంఘం కారు నడిపేదీ ఆయనే. విశ్వాసంలో నాకేమీ తీసిపోడు గానీ, దేవుడు చేసిన ప్రతిదానికీ ఒక మూత బిగిస్తే ఇంకాస్త బాగుంటుందని ఆయన నమ్మకం.

"చక్రాల్లో కంతలుండాయి కదప్పా, అవి తిరిగేటప్పుడు గాలిని కవ్వం మాదిరి చిలుకుతాయి. బండి బలమంతా దానికే పోతాది. చదునుగా రేకు మూసేస్తే గాలి పక్కనించి జారిపోతాది, పెట్రోలు మిగులుతాది."

"ఎర్రసముద్రంలో ఫరో రాజు రథచక్రాలు ఊడబెరికింది దేవుడు. ఆ పని నువ్వు నెత్తినేసుకోబాకు నాయనా," అన్నారు అయ్యగారు. పెద్దలు నవ్వి, రెండు ప్రయాణాల గడువిచ్చారు.

బావ నాలుగు మూతలు కొట్టి, వాటిమీద ఎర్రరంగుతో బైబిలు వాక్యాలు రాశాడు. బండి కదిలితే అక్షరాలు కనబడవు. ఆగితే తలకిందులుగా ఆగుతాయి.

"తలకిందులుగా నిలబడి సదవమంటావా బావా?" అన్నాను.

"నీలాంటోడికి అట్లయినా ఎక్కుతాది."

మొదటి ప్రయాణంలో పలమనేరు చేరాక ట్యాంకులో పుల్ల ముంచి చూస్తే, పెట్రోలు నిజంగానే కాస్త మిగిలింది. బావ ఆ తడిపుల్లను ఇంటింటికీ చూపించాడు.

తిరిగొస్తూ మొగిలి కనుమ దిగుతుండగా కాలిన వాసన వచ్చింది. బావ బ్రేకు తొక్కితే అది మెత్తగా అడుగుదాకా పోయింది. గేరు తగ్గించి, కారును మట్టిగట్టుకు ఆనించి ఆపాడు. మూతలు ఊడదీస్తే బ్రేకులు పొగలు కక్కుతున్నాయి. కంతల్లోంచి పోయే గాలే వాటిని చల్లార్చేదని అప్పటికి గాని మాకు తెలియలేదు.

అయ్యగారు స్తోత్రం చెప్పి, "గాలికి గూడా దేవుడు ఏదో పని పెట్టే ఉంటాడప్పా," అన్నారు.

రెండోసారి మూతల్లేవు. భయం తీరని బావ చిత్తూరు నుంచే ఎద్దులబండి తోలినట్టు నడిపాడు. తిరిగొచ్చాక పెద్దలే పుల్ల ముంచారు. మొదటిసారి తిరిగొచ్చినప్పటి కంటే ఎక్కువే మిగిలింది. తొందరపెడితే మొండికేసే గాలి, నెమ్మదిగా పోయేవాడి జోలికి అంతగా రాదు.

ప్రయాణాలు ఆగలేదు. కాకపోతే ఆ నడకతో పొద్దుటి ఆరాధనకు ప్రతినెలా మేం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. గుమ్మంలో ఒక ముసలామె నిలబడి ఉండేది.

"ఉండే పాటలన్నీ పాడేస్తిమి, క్రిస్మస్ పాటలు గూడా. ఇంకొంచేపుంటే సమాధి పాటలెత్తుకుందుము. రాండి, రాండి."