మైసమ్మ సున్నంలో పగులు

1973 ఎండాకాలంలో మా ల్యాబు వాళ్ళు నన్ను పటాన్‌చెరు దగ్గర ఒక కర్మాగారం పనికి పంపారు. గుట్ట కింద నల్లరాతిలో పంపుల గది తవ్వుతున్నారు. రాతి మీద ఒత్తిడి ఎంత ఉందో కొలవడం నా పని. హోదా జూనియర్ సైంటిఫిక్ అసిస్టెంట్, అదీ ప్రొబేషన్‌లో.

పద్ధతి చెబుతాను. గోడలో రెండు పిన్నులు బిగించి వాటి మధ్య దూరం కొలుస్తాం. నడుమ గాడి కోస్తే ఒత్తిడి సడలి పిన్నులు దగ్గరకొస్తాయి. గాడిలో ఫ్లాట్ జాక్ అనే పల్చటి ఉక్కు పలక దూర్చి, నూనె ఎక్కించి, పిన్నులను మొదటి దూరానికి తెస్తాం. అందుకు పట్టిన నూనె ఒత్తిడే రాతి ఒత్తిడి.

ఛాతీ ఎత్తున మూడు చోట్ల కొలిచాను. అంతా భేషుగ్గా ఉంది.

పేలుడు పనికి ముందు గోడ నుంచి కప్పు దాకా సున్నం పూసి, మైసమ్మకు బొట్లు పెట్టడం వడ్డెర మేస్త్రీ యెల్లయ్య ఆనవాయితీ. నా పిన్నులన్నీ సున్నమయ్యాయని ఒకరోజు కసిరాను. ఆయన నొచ్చుకోలేదు. గోడ కప్పులోకి వంగే మలుపు చూపించి, "సారూ, జెర గీడ సూడుండ్రి, పర్రె ఇచ్చింది" అన్నాడు.

ఆరిన సున్నం పగలక ఏం చేస్తుందన్నాను.

"ఆరిన పగులు సాలెగూడు లెక్క ఉంటది. గిది ఒక్కటే గీత. నిన్న జానెడుండె, ఇయ్యాల మూరెడైంది."

నాకు సిగ్గేసింది. చేయి అందిన చోటల్లా కొలిచి, నిచ్చెన కావలసిన చోటు వదిలేశాను. పరంజా కట్టించి అక్కడ కొలిస్తే, ఒత్తిడి రాయి తట్టుకోగల బలానికి దగ్గర దగ్గరగా వచ్చింది.

సంగతి సైటు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారికి చెప్పాను. ఆయనది గుంటూరు వైపు. "రాయి ఉక్కులాంటిదని మీ ల్యాబే రాసిచ్చిందిగదండీ. పని ఆపితే మీ ఉద్యోగం చూసుకోండి" అన్నారు. లోపల పదకొండు మంది డ్రిల్లింగ్‌లో ఉన్నారు. పని ఆపాలని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. విసుక్కుంటూనే వాళ్ళను బయటికి పిలిపించారు.

మర్నాడు మధ్యాహ్నం ఆ మలుపు నుంచి బండ ఊడి, డ్రిల్లు నిలబెట్టే చోటే పడింది. కింద ఎవరూ లేరు. ఆ సంతకం చూసుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే.

నివేదికలో పరిశీలకుల పేర్ల దగ్గర యెల్లయ్య పేరు ముందు రాసి, నాది తర్వాత రాశాను. రాతి బలం ల్యాబులో తెలుస్తుంది, దాని మీద భారం అక్కడికి వెళ్తేనే తెలుస్తుంది. ఆ తర్వాత ఏ సైటుకు వెళ్ళినా ముందు సున్నం పూయించి, తర్వాతే పిన్నులకు చోటు చూశాను.