తాడు వదిలిన చేతులు

నా చిన్నప్పుడు మైపాడు పక్కన మా పాలెంలో తాగే నీళ్లు ఇసుకలో దొరికేవి. పొద్దున్నే మా అమ్మా నేనూ చెలమ తవ్వి, ఊరిన నీటిని కొబ్బరి చిప్పతో తోడి బిందె నింపేవాళ్లం. ఎండాకాలం వస్తే ఆ నీళ్లు కూడా ఉప్పగా మారేవి. ఇప్పుడు పార్టీ రాష్ట్ర అధ్యక్షుడినని టీవీలో దండలు వేయించుకుంటున్న పెద్దమనిషి మొదటిసారి ఓట్లకు వచ్చింది ఆ రోజుల్లోనే.

ఆయన వచ్చేసరికి మావాళ్లు అలివి వల లాగుతున్నారు. సముద్రంలో వేసిన పెద్ద వలను, రెండు వైపులా తాళ్లు పట్టి జనమంతా ఒడ్డుకు లాగే పని అది. ఆయనా వచ్చి తాడు పట్టుకున్నాడు. ఫొటో తీయించుకుని, చేతులు దులుపుకుని, గెలిపిస్తే మంచినీళ్ల ట్యాంకు కట్టిస్తానని మాటిచ్చాడు. మా పెద్దలు పొంగిపోయి దురాయి పెట్టారు. దురాయి అంటే పాలెం కట్టుబాటు. దాన్ని దాటినవాళ్లను వలకూ పిలవరు, పెళ్లికీ పిలవరు. ఒక్క ఓటు పక్కకు పోలేదు. ఆయన గెలిచాడు, పార్టీ మారాడు, మంత్రి అయ్యాడు. మేం మాత్రం చెలమ దగ్గరే ఉన్నాం.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఫొటోలవాణ్ణి వెంటబెట్టుకుని, ఏ మాత్రం సిగ్గు లేకుండా వచ్చి ఆయన మళ్లీ తాడు పట్టుకున్నాడు. దురాయి పెట్టే పెద్దల్లో మా తాతయ్య ఒకడు. ఫొటో అయిపోయి ఆయన చేతులు తీయబోతుంటే తాతయ్య ఆపాడు.

"అయ్యా, మా దాంట్లో తాడు పట్టినోడు వల ఒడ్డుకు చేరేదాకా వదలగూడదు. పోయిన తూరి వదిలేసి పోయినారు. కొత్తోరు గదా అని ఊరుకున్నాం. ఈ తూరి లాగండి."

ఆయన నవ్వుతూనే లాగాడు. కాసేపటికి ఆ నవ్వు పోయింది. అరచేతులు ఎర్రబడ్డాయి, తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుంది. అనుచరులు తాడు అందుకోబోతే తాతయ్య ఒప్పుకోలేదు. "ఆయన పట్టిన తాడు ఆయనే లాగాల" అన్నాడు. వల ఇంకా నీళ్లలో ఉండగానే ఆయన తాడు విసిరికొట్టి, మీటింగుందంటూ జీపెక్కాడు.

తాతయ్య అక్కడే, అందరూ వినేటట్టు చెప్పాడు. "ఈ తూరి దురాయి లేదు. ఎవురి ఓటు వాళ్లిష్టం."

దురాయి లేని ఎన్నికను మా పాలెం అంతవరకూ చూడలేదు. మిగతా పెద్దలు తాతయ్య మీద మండిపడ్డారు. అయినా ఆయన మాట మార్చలేదు. ఆ మనిషికి మా పాలెంలో ఓట్లు పడలేదు గానీ నియోజకవర్గంలో గెలిచాడు. అలా గెలుస్తూ గెలుస్తూ పార్టీకే పెద్దయ్యాడు. మా కోడలు ఇవాళ్టికీ ఆటోలో వచ్చే క్యాన్ నీళ్లే కొంటోంది. తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

మొన్న ఆయన మనుషులొచ్చి, అభినందన సభకు పాలెం ఆడవాళ్లందర్నీ బస్సులెక్కించమన్నారు. దురాయి పెడదామా అని ఇప్పటి పెద్దలు గుసగుసలాడుకుంటుంటే నేను లేచాను. "నీళ్లొచ్చినాక పిలవండి, నడిచైనా వస్తాం" అన్నాను. ఈ వయసులో ఇంత కోపమెందుకమ్మా అన్నాడొకాయన. మా తాతయ్య నాకు ఇచ్చిపోయింది ఆ కోపమే. నేను బతికుండగా దాన్ని చల్లారనివ్వను.