నేను ఆపిన ఫైలు

2022 నవంబరు. ఢిల్లీ శివార్లలోని ఒక అటవీ కార్యాలయంలో నేను సెక్షన్ ఆఫీసర్‌ని. ప్రభుత్వ అడవుల్లోకి, చెరువుల దగ్గరికి జనాన్ని నడిపించుకెళ్లే గైడ్లకు పర్మిట్, అంటే అనుమతి పత్రం, ఇచ్చేది మా సెక్షనే. వెళ్లే ప్రతిసారీ కొత్త దరఖాస్తు, మూడు సంతకాలు, రెండు మూడు వారాల ఎదురుచూపు. ఆ పద్ధతి పెట్టింది నేనే. పన్నెండేళ్లుగా గైడ్లందరూ నా టేబుల్ దగ్గరే నిలబడేవారు.

అప్పుడే కరీంనగర్ అమ్మాయి మాధవి మా సెక్షన్‌లో చేరింది. నెల తిరక్కుండా ఒక ప్రతిపాదన రాసింది: శిక్షణ పొందిన గైడ్‌కు సీజన్ మొత్తానికి ఒకే పర్మిట్. పేజీన్నర, అంతే. చదువుతుంటే ఒళ్లు మండింది. తప్పుందని కాదు, లేదని. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? అప్పటికే గైడ్లు నన్ను దాటుకుంటూ వెళ్లి, "మాధవి మేడమ్ హైఁ క్యా?" అని ఆమె ఉందో లేదో అడుగుతున్నారు.

ఫైలు మీద "చర్చించాలి" అని రాసి సొరుగులో పెట్టాను. ఆ మాట రాస్తే ఇక కదలదని ఆఫీసులో అందరికీ తెలుసు.

జనవరిలో శ్రుతి అనే గైడ్ వచ్చింది. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. చూపులేని పిల్లలను చెరువు గట్టుకు తీసుకెళ్లి వలస పక్షుల కూతలు వినిపిస్తుంది. పర్మిట్ చేతికొచ్చేసరికి బడివాళ్లిచ్చిన తేదీ రెండుసార్లు దాటిపోయింది.

"సర్, కొత్త రూల్ వస్తుందన్నారు కదా? పిల్లలు రోజూ పూఛ్‌తే హైఁ, ఎప్పుడెళ్దామని. ఎండలొస్తే పక్షులు వెళ్లిపోతాయి."

"పైన పెండింగ్‌లో ఉందమ్మా," అన్నాను. ఫైలు నా మోకాలి పక్కనే ఉంది.

మార్చిలో మళ్లీ వచ్చింది. "బాతులు వెళ్లిపోయాయి సర్. ఈసారికి వద్దులెండి," అని దరఖాస్తు వెనక్కి తీసుకుంది. కోప్పడినా బాగుండేది.

ఆమె వెళ్లగానే ఫైలు తీసి మాధవి ముందు పెట్టాను.

"ఇది పైకి పోనే లేదు. నేనే ఆపాను. మీ మీద కుళ్లుతో."

మాధవి ఫైలు తన వైపు లాక్కుంది. "నాకు ఎరుకే సార్. కొత్తదాన్ని, అడగనీకి భయమైంది. కానీ ఆ పిల్లలేం చేసిన్రు సార్?"

సిఫారసు రాసి అప్పుడే పైకి పంపాను.

వేసవిలో ఉత్తర్వు వచ్చింది. మీటింగ్‌లో మాధవికి అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, లోపల అదే మంటతో. తర్వాతి చలికాలం శ్రుతి పిల్లలను తీసుకెళ్లింది. అప్పటికి వాళ్లలో ఇద్దరు చదువు ముగించుకుని ఊళ్లకు వెళ్లిపోయారట.

అసూయ నాకు పోలేదు. ఎవరైనా మంచి నోట్ రాస్తే ఇప్పటికీ ముందు ఒళ్లు మండుతుంది. అందుకే అలాంటి ఫైలును వచ్చిన రోజే సంతకం పెట్టి పంపేస్తాను. కుళ్లుకోవడానికి తర్వాత బోలెడు టైముంటుంది.