గురువారం భజనలో బాపు నమ్మిన మాట

చిన్నప్పుడు మా బోధన్‌లో గురువారం సాయంత్రమంటే భజనే... అవ్వ, అంటే మా నాన్నమ్మ, నన్ను వెంటబెట్టుకుని పక్క గల్లీలో ఒకరింటి పెద్ద గదికి, మా మాటలో అర్రకు, తీసుకెళ్లేది. పాటలయ్యాక ఒక్కొక్కరు లేచి, దేవుడు తమకేం చేశాడో చెప్పేవారు. ఒకరికి తప్పిపోయిన బర్రె దొరికింది... ఇంకొకరికి విభూతితో జ్వరం తగ్గింది... అవ్వ కళ్లు తుడుచుకుంటూ వినేది.

మా నాన్నకు, నేను బాపు అనేదాన్ని, మాత్రం అంతా అనుమానమే. చెరుకుకు నీళ్లు పెట్టి వచ్చి, గడప బయటే నిలబడి చూసేవాడు. బర్రె ఎట్లాగూ ఇంటికొచ్చేదేనని, జ్వరానికి మందు కూడా మింగి ఉంటారని, ఆ సంగతి ఎవరూ చెప్పరని అనేవాడు. విని విని నాకూ అదే చూపు అబ్బింది. లేచినవాళ్ల మొహాల్లో అబద్ధం ఎక్కడుందా అని వెతికేదాన్ని...

ఒక గురువారం ఎడపల్లి నుంచి లక్ష్మక్క అనే కొత్తామె వచ్చింది. చెరుకు బండి మీది నుంచి పడి ఆమె భర్తకు మాట పోయిందట. దేవుడి దయతో మళ్లీ వచ్చిందంటుంది చూడు, అనుకున్నా.

"మాట రాలే. వస్తదని డాక్టర్ గూడ చెప్తలేడు" అంది మెల్లగా. "మొదట్ల దేవునితోని కొట్లాడిన. గిప్పుడు పొద్దుగాల దీపం పెడితే, గా దినం ఎల్లదీసే బలం వస్తది. గంతే."

గడప బయట నిలబడ్డ బాపు ఆమెనే చూస్తున్నాడు...

తెల్లారి బాపు పని ఉందంటూ ఎడపల్లి వెళ్లాడు. ఏం పనో అవ్వకు చెప్పలేదు. తిరిగొచ్చాక నిలదీస్తే బయటపెట్టాడు... లక్ష్మక్క ఇల్లు కనుక్కుని పోయాడట. ఆమె భర్త చేతి సైగతోనే కూర్చోమన్నాడట. ఆమె చాయ్ ఇచ్చింది కానీ దేవుడి ఊసే ఎత్తలేదట.

"అబద్ధం చెప్పేటోళ్లు మంచిగైందనే చెప్తరు గదా అవ్వా" అన్నాడు. "ఈమె గాలేదని చెప్పింది."

మరుసటి గురువారం బాపు గడప దాటి లోపల కూర్చున్నాడు. మిగతావాళ్లు చెబుతుంటే అదే అనుమానపు చూపు... అంతకుముందు పాటలప్పుడు మాత్రం కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. నాకూ నమ్మకం కుదిరింది ఆ రోజే. అంత అనుమానించి, వెళ్లి చూసొచ్చిన మనిషి నమ్మాడు కదా...

ఇప్పుడు ఇలాంటి అనుభవాలన్నీ ఫోన్లోకే వస్తున్నాయి. ఎవరి గొంతో తెలియదు, ఏ ఊరో తెలియదు... చివర్లో అందరికీ పంపమని ఒక బెదిరింపు. సగం వినకుండానే తీసేస్తున్నా.

మీ నమ్మకాన్ని గట్టిపరిచిన మనిషి ఎవరైనా ఉంటే కింద రాయండి... నమ్ముతానో లేదో చెప్పలేను కానీ, చివరిదాకా చదువుతా.