మెట్ల కింది గోడ ఎవరిది

“మేం వచ్చేటప్పటికే ఉంది ఆంటీ. పాతవాళ్లది” అంది మా అమ్మాయి. తెలుగులో అంది.

ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకు వచ్చినవాళ్లంతా అప్పుడు మెట్ల కింది చిన్న బాత్రూం ముందు గుంపుగా నిలబడి ఉన్నారు. తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో పాస్టర్ అయ్యగారు బైబిల్ పట్టుకుని ఉన్నారు. లోపల గోడల నిండా ముదురాకుపచ్చ అడవి, దాని మధ్య నారింజ రంగు పులులు, అరచేయంత గులాబీ రంగు పూలు. పైకప్పుకు పండు మామిడి రంగు. అమ్మాయి మెట్ల మీద కూర్చుని, కమ్మీల సందులోంచి ఆ మాట చెప్పింది. అందరూ “ఓహో” అన్నారు. నేనూ నా భార్యా నేల చూశాం.

గోడలకున్న ఆ వాల్‌పేపర్ కాగితాన్ని ఎంచుకున్నది మా అమ్మాయి. అతికించింది నేను.

నా భార్య నర్సు. ఆమె ఉద్యోగం మీదే ఐర్లండ్ వచ్చాం. నేను గుంటూరులో ఒక దినపత్రిక డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి, ఇక్కడ వృద్ధులుండే ఒక నర్సింగ్ హోమ్ వంటగదిలో చేరాను. అమ్మాయి అద్దె ఇళ్లలోనే పెరిగింది. ఇల్లు మారిన ప్రతిసారీ ఊరు మారేది గాని గోడల రంగు మారేది కాదు. ఎక్కడికెళ్లినా అదే మీగడ రంగు. మేకు కొట్టకూడదనీ రంగులు వేయకూడదనీ లీజులో రాసి ఉండేది. అమ్మాయి తను గీసిన బొమ్మలు గోడకు అంటిస్తే, పెచ్చు లేస్తుందని మేమే తీయించేవాళ్లం. అప్పుడు ఆ పిల్ల వంటింటి ప్రెస్సుల తలుపులకు లోపలివైపు అంటించుకోవడం మొదలుపెట్టింది. అల్మరాను ఇక్కడ ప్రెస్ అంటారు. ఇంటి ఓనరు చూడ్డానికి వస్తున్నాడంటే అవి కూడా పీకేసేవాళ్లం.

కార్లో అనే ఈ ఊళ్లో ఇల్లు కొన్నాక, ఒక్క గది మాత్రం పూర్తిగా నీ ఇష్టమని ఆమెకు మాటిచ్చాం. పడకగది అడుగుతుందనుకున్నాం. మెట్ల కింది బాత్రూం అడిగింది. అందులో ఒక కమోడు, చేతులు కడుక్కునే చిన్న సింకు, అంతే. కిటికీ లేదు. నాలాంటి వాడు లోపల తిరగాలంటే పక్కకు ఒదగాలి.

“అదెందుకమ్మా?” అన్నాను.

“ఎవ్రీబడీ హూ కమ్స్ టు అవర్ హౌస్ గోస్ ఇన్ దేర్, డాడీ” అంది. మేం తెలుగులో ఎంత మాట్లాడినా జవాబు ఇంగ్లిష్‌లోనే వస్తుంది, అదీ కార్లో యాసలో. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ వెళ్లే గది కావాలని కోరుకుంది. ఎందుకో మాకు అర్థమైంది.

నమూనా ముక్కలు తెప్పించి గోడకు టేపుతో అంటించింది. ఆవపిండి రంగు చారలొకటి, నెమలి నీలం మీద తెల్ల కొంగలొకటి, ఈ పులుల అడవొకటి. ఒక్కొక్కరినీ లోపల కూర్చోబెట్టి తలుపు వేసి, బాగా చూశాకే బయటికి రానిచ్చింది.

“బాత్రూమంటే తెల్లగా ఉండాలే. మరక పడితే కనపడాలి” అంది నా భార్య.

“ఇట్స్ నాట్ ఎ వార్డ్, మమ్మీ.”

చిన్న గదికి లేత రంగు వేస్తే పెద్దగా కనిపిస్తుందని నేను అందరూ చెప్పే మాటే చెప్పాను. చిన్న గది చిన్నదిగానే ఉండొచ్చు, పెద్దదాన్నని నటించడం దేనికని ఆమె వాదన. ముదురు రంగు ఉంటే మూలలు కనపడవట. లోపల ఉండేది కాసేపే కాబట్టి కళ్లకు విసుగూ రాదట. నిజానికి ఆ పులులు అందరికంటే ముందు నాకే నచ్చాయి. తలుపు వేసి కూర్చున్నప్పుడు ఆ గది గదిలా అనిపించలేదు.

గోడకు జిగురు పూసి కాగితాన్ని దాని మీద ఆనించాలి. పక్కపక్క పట్టీల్లో బొమ్మ కలవాలి. నేను పులి తోకను ఆనవాలుగా పెట్టుకుని కలుపుకుంటూ వచ్చాను. అమ్మాయి కింద కూర్చుని గాలి బుడగలు లేకుండా గుడ్డతో ఒత్తింది. అచ్చుకు వెళ్లే పేజీల్లో తప్పులు పట్టడం ఒకప్పుడు నా ఉద్యోగం. ఆ కళ్లతోనే నేను ఆ గోడంతా చూశాను.

ప్రతిష్ఠ రోజున అయ్యగారు గది గదికీ వెళ్లి ప్రార్థన చేస్తారు. వెనక సంఘమంతా పాట పాడుతూ నడుస్తుంది. మా ఇల్లు ఇరుకు కాబట్టి వెనకవాళ్లు ఇంకా వంటింట్లో ఉండగానే ముందువాళ్లు మెట్ల దగ్గరికి వచ్చేశారు. అయ్యగారు ఏ తలుపూ వదలరు. బాత్రూం తలుపూ తీశారు. పాట ముందునుంచి వెనక్కి మెల్లగా ఆగిపోయింది.

“ఏదెను తోటే కట్టించావుగా అన్నా” అన్నాడు సంఘంలోని ఒక తమ్ముడు. “పాము కూడా ఉందా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కళ్లజోడు సర్దుకుని గోడ దగ్గరకు వంగిన ఒక పెద్దామె “ఉంది. ఇదిగో” అంది.

ఉంది. నేను తీగ అనుకున్నది పాము. కొమ్మకు చుట్టుకుని, ఆకుల్లో కలిసిపోయి ఉంది. ఒకటి కనపడ్డాక, పట్టీ పట్టీకీ నేను జాగ్రత్తగా కలిపిన చోటల్లా అన్నీ కనపడ్డాయి.

“ప్రార్థన చేసుకునే ఇంట్లో సర్పాలేంటి వదినా? ఎవరు ఎంచుకున్నారు ఇది?” అని ఆ పెద్దామె నా భార్యను అడిగింది. కోపంగా కాదు, బాధగానే అడిగింది. నా భార్య నావైపు చూసింది. జవాబు నాకు తెలుసు. చూపు పులుల మీదికి తిప్పుకున్నాను. అప్పుడే మెట్ల మీద నుంచి ఆ మాట వచ్చింది. అందరికీ అర్థం కావాలని అమ్మాయి మాటలు ఏరుకుని ఏరుకుని తెలుగులో చెప్పింది.

“అదేగా, మీరిట్టాంటివి పెట్టుకోరని నాకు తెలుసులే” అన్నాడు సంఘ పెద్ద ఒకాయన. “శనివారం మేం ముగ్గురం వస్తాం బ్రదర్. మా ఇంట్లో స్టీమర్ ఉంది, ఆవిరి పడితే ఒక్క పూటలో ఊడిపోద్ది. క్రీమ్ పెయింట్ కూడా మిగిలింది, తెచ్చేస్తా.”

“థాంక్స్ అన్నా” అన్నాను.

అయ్యగారు మంచి మనిషి. ఇంతకు ముందు ఈ ఇంట్లో ఉన్నవాళ్లను కూడా దీవించమనీ, తెలియక చేసినవాటిని క్షమించమనీ ప్రార్థించారు. ఆ పాత యజమాని ఒక ముసలావిడ. గోడలన్నీ మీగడ రంగులో ఉంచి, మాకోసం కిటికీలో ఒక పూలకుండీ పెట్టి వెళ్లింది. నేను కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాను. అంతకుముందు అందరూ నవ్వినప్పుడు కలిగిన సిగ్గు దీని ముందు ఏపాటిది?

సాయంత్రం అందరూ వెళ్లాక, నా భార్య బిర్యానీ గిన్నె తోముతూ, “ఎందుకట్టా చెప్పావే?” అంది.

“ఐ సా యువర్ ఫేసెస్” అంది అమ్మాయి.

“పాముందని నీకు తెలుసా?” అన్నాను.

“కోర్స్ ఐ డిడ్. ఐ థాట్ యూ న్యూ. యూ హంగ్ ఇట్, డాడీ.”

అది కేవలం అడవి బొమ్మే, అడవిలో పాములుంటాయి, అంతే. ఆమెకు అంతకు మించి మరేమీ తోచలేదు. నేను వెంటనే సంఘ పెద్దకు ఫోన్ చేసి కాగితం మాదేనని చెప్పేస్తానన్నాను. నా భార్య కూడా చెప్పమంది. అమ్మాయి తుడుస్తున్న పళ్లెం కింద పెట్టింది.

“దెన్ ఐయామ్ ద లయర్” అంది. “అయ్యగారి ముందు. ప్రేయర్‌లో.”

గోడ నిలవాలంటే పిల్ల అబద్ధం బయటపడాలి. పిల్ల పరువు నిలవాలంటే గోడ పోవాలి. ఆ పెద్దామెకు జవాబు చెప్పాల్సింది నిజానికి మేము. పదహారేళ్ల పిల్ల మా ముఖాలు చూసి దాన్ని తన మీద వేసుకుంది.

“లెట్ దెమ్ టేక్ ఇట్ డౌన్. ఇట్స్ గ్రాండ్” అని పైకి వెళ్లిపోయింది. ఇక్కడివాళ్లు గ్రాండ్ అన్నప్పుడు అది నిజంగా బాగున్నట్టు కాదని ఇన్నేళ్లలో నేర్చుకున్నాను.

ఆ శనివారం నాకు డ్యూటీ లేదు. అబద్ధం చెప్పలేక అడిగి డ్యూటీ వేయించుకున్నాను. డ్యూటీ ఉందని సంఘ పెద్దకు చెప్పి, వాళ్లను రావద్దన్నాను. “పర్లేదు బ్రదర్, పైవారం పెట్టుకుందాం. పిల్ల భయపడతందేమో పాపం” అన్నాడాయన. అమ్మాయి ఇప్పుడు కింది బాత్రూం వాడటం లేదు, పైనున్న దానికే వెళ్తోంది. నా భార్య మాత్రం ఆ గదిని రోజూ తుడుస్తోంది.

కాగితం ఇంకా గోడ మీదే ఉంది. ఈ శనివారం పొద్దున వాళ్లు స్టీమర్ తీసుకుని వస్తున్నారు. తలుపు తీసి వాళ్లతో ఏం చెప్పాలో, అది ఎవరు చెప్పాలో, మా ముగ్గురి మధ్య ఇంకా తేలలేదు.