లప్పం మేస్త్రీ కప్పిన పగులు

గోడలకు చేతులుంటే ఆ ఊళ్లో గోడలన్నీ లప్పం మేస్త్రీకి దండం పెట్టేవి. అసలు పేరు అతని భార్యకు కూడా కాస్త తడుముకుంటేగానీ గుర్తు రాదు. ముప్పై ఏళ్లుగా గోడలకు లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేస్తున్నాడు. అతను రుద్దిన గోడ మీద బల్లి నిలవదు. జారి కిందపడి, చుట్టూ చూసి, సిగ్గుతో పక్కింటికి పోతుంది. ఒక పెళ్లికొడుకు అద్దం దొరక్క అతని గోడలో మొహం చూసుకుని గడ్డం గీసుకున్నాడు. ఒక్క గాటు పడలేదు. నమ్మనివాళ్లు వెళ్లి అడగవచ్చు, ఇప్పుడాయనకు మనవలు కూడా.

ఇంతటి మొనగాడు ఉండేది మాత్రం అద్దెకు, మూడో అంతస్తులో, నలభై రెండు మెట్ల పైన. కుళాయి కింద, కాపురం పైన. భార్య కుట్టుమిషను కుడుతుంది. చేతిపని ఎంత బాగున్నా జాకెట్టు ముక్క పట్టుకుని నలభై రెండు మెట్లు ఎవరెక్కుతారు? ఆవిడే దిగాలి. రెండేళ్లుగా ఆవిడ మోకాళ్లు ప్రతి మెట్టు దగ్గరా ఆగి కబుర్లు చెబుతున్నాయి. "కింద ఒక్క గది చాలయ్యా. వీధిలోకి తలుపు ఉంటే చాలు. మిషను అక్కడే పెట్టుకుంటా," అనేది. బంగళా అడిగిందా, తోట అడిగిందా? ఒక తలుపు అడిగింది.

ఆ తలుపు టీచరమ్మ ఇంటికి ఉంది. రిటైరైన ఆవిడ. రెండు గదులు, వంటిల్లు, వీధి మీదికి ఒకే ఒక్క మెట్టు. చెల్లెలు మంచాన పడితే చూసుకోవడానికి వేరే ఊరు పోవాలని ఇల్లు అమ్మకానికి పెట్టింది. పదకొండేళ్లుగా ఆ ఇంటికి రంగులు వేసేది లప్పం మేస్త్రీయే కాబట్టి మొదటి కబురు అతనికే వచ్చింది. బయానా ఇచ్చి కాగితం రాసుకున్నారు. మూడు నెలల గడువు. బ్యాంకు వాళ్లు అప్పుకు సరేనన్నారు. ఇక మిగిలింది బ్యాంకు ఇంజినీరు వచ్చి, ఇల్లు చూసి, దాని విలువ కట్టడమే.

అక్కడే మన మొనగాడికి బుద్ధి పుట్టింది.

ముందుగదిలో టీచరమ్మ చెక్క బీరువా జరిపిస్తే, దాని వెనక గోడ మీద ఒక పగులు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పోయింది. అతనికి కొత్త కాదు. పదకొండేళ్ల కిందట మొదటిసారి రంగు వేసినప్పుడే చూశాడు. అప్పుడెంతుందో ఇప్పుడూ అంతే. లోపల దుమ్ము, సాలెగూడు, ఒక ఎండిపోయిన బల్లిగుడ్డు. పాపం పగులు, ఎవరి జోలికీ పోకుండా బీరువా చాటున బతుకుతోంది.

"ఇది చూస్తే ఇంజినీరు విలువ తగ్గించేస్తాడు, అప్పు చాలదు," అన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చూపించవచ్చు కదయ్యా," అంది భార్య.

"ఏమే, పెళ్లిచూపులకి మాసిన చీరతో కూర్చోబెడతారా ఎవరైనా?"

అతనితో పాటు పనికి వచ్చే బావమరిది కిసుక్కున నవ్వాడు. "నీ పెళ్లిచూపులకి నువ్వు వచ్చిన అవతారం నాకు గుర్తుంది బావా. అయినా అక్క ఒప్పుకుంది. మరి గోడకెందుకంత భయం?"

"నోర్మూసుకుని ఉలి ఇవ్వరా."

పని చేశాడండీ, పని! పగులును ఉలితో వెడల్పు చేశాడు. కుంచెతో లోపలి దుమ్మంతా దులిపాడు. సాలెగూడు పోయింది, బల్లిగుడ్డు పోయింది. వలపట్టీ అతికించి, మూడు పూతల లప్పం పెట్టి, మూడు రోజులు రుద్దాడు. భార్యకు ఇష్టమని లేత ఆకుపచ్చ రంగు వేశాడు. ముప్పై ఏళ్లలో డబ్బు తీసుకుని వేసిన ఏ గోడకూ అంత అందం రాలేదు.

ఇంజినీరు వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో టేపు, చెవి మీద పెన్సిలు. అరవడు, నవ్వడు. గదులు కొలిచాడు, పైకప్పు చూశాడు, వంటింట్లో నేల తట్టాడు. అన్నీ రాసుకుంటున్నాడు. లప్పం మేస్త్రీ గుమ్మంలో చేతులు కట్టుకుని, కూతుర్ని పరీక్షకు పంపిన తండ్రిలా నిలబడ్డాడు.

ముందుగదిలో ఇంజినీరు ఆగిపోయాడు.

"ఈ ఇంట్లో గోడలన్నీ ముసలివి," అన్నాడు. "ఇదొక్కటే పడుచుది. ఎందుకు?"

మేస్త్రీకి ఒక్క క్షణం పొంగిపోవాలనిపించింది. అదే అతని రోగం. "చేతి చలవ సార్," అన్నాడు.

ఇంజినీరు వేలి ఎముకలతో గోడ తట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. కిటికీ మూల దగ్గర టక్ కాస్తా మొద్దుగా పలికింది. చాకు మొనతో గీశాడు. తెల్లటి పొడి రాలింది.

"పగులుందా ఇక్కడ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆ మనిషి కళ్లు చూసి ఆగిపోయింది. "ఉంది సార్. పాతది. పదకొండేళ్లుగా వెంట్రుకంత కూడా పెరగలేదు. నేనే చూశాను. లోపల సాలెగూడు కూడా ఉండేది సార్, బల్లిగుడ్డు కూడా."

ఇంజినీరు పెన్సిలు తీసి మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు. మొదటిసారి అతని మొహంలో జాలిలాంటిది కనిపించింది.

"ఆ సాలెగూడే నాక్కావలసింది," అన్నాడు. "పగుల్లో పాత దుమ్ము, గూళ్లు ఉంటే కదలడం ఆగిపోయిన పగులని రాస్తాను. ధరలో పెద్ద తేడా కూడా రాదు. గోడ కదులుతోందో లేదో పగులే చెప్పాలి. మీరు దాని నోరు నొక్కేశారు."

"నేను చెబుతున్నాను కద సార్!"

"మిమ్మల్ని నమ్ముతాను. కానీ 'కొనేవాళ్లు చెప్పారు' అని రిపోర్టులో రాయలేను. ఫోటో ఏమైనా తీశారా?"

తీయలేదు. పగులుకు ఫోటో తీసేవాడెవడు? అతని ఫోనులో ఉన్నవన్నీ పూర్తయిన గోడలే, రెండు వందల చిల్లర.

"ఇప్పుడేం చెయ్యాలి సార్?"

"అదంతా గీకి, పగులుకు అడ్డంగా ఒక గాజుపట్టీ అతికించండి, తేదీ రాసి. ఆరునెలల్లో అది పగలకపోతే గోడ నిలబడ్డట్టే. అప్పుడు పిలవండి, విలువ కడతాను."

గడువు మిగిలింది నలభై రోజులు.

మర్నాడు తను పెట్టిన లప్పం తనే గీకాడు. మూడు రోజులు రుద్దింది ఒక పూటలో రాలింది. బావమరిది చీపురు పట్టుకుని నిలబడ్డాడు. సన్నటి గాజుపట్టీ కోయించి, సిమెంటుతో రెండు చివరలూ అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ రాశాడు. గుండ్రటి అక్షరాలు. బడిలో ఎప్పుడూ అంత కుదురుగా రాయలేదు.

టీచరమ్మ కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "ఆరునెలలమ్మా. ఆ గోడ మీద నా ప్రాణం పెడతాను, అది కదలదు."

"నాకు తెలుసు నాయనా. ఆ గోడ పక్కనే ఇరవై ఏళ్లు పడుకున్నాను. కానీ చెల్లెలు ఆరునెలలు ఆగుతుందో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు."

తీసుకున్న బయానా రూపాయి తగ్గకుండా ఇచ్చేసింది. తిట్టుకోవడానికి కూడా ఒక మనిషిని మిగల్చలేదు. బ్యాంకుతో పనిలేని గిడ్డంగి యజమాని ఒకడు వచ్చి, గోడ వైపు కూడా చూడకుండా కొనేశాడు. కొని, తాళం వేసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత లప్పం మేస్త్రీ మాటల్లో కోతలు తగ్గాయి. గోడలో మొహం చూసుకున్న పెళ్లికొడుకు కథ ఎవరైనా ఎత్తితే, "ఏదోలే," అనేవాడు. పనికి వెళ్లిన ఇంట్లో పగులు కనిపిస్తే ముందు దాన్ని ఊరికే చూస్తూ కూర్చునేవాడు. భార్య మెట్ల మధ్యలో ఒక పాత స్టూలు వేయించుకుంది. ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి దాని మీద కూర్చునేది. ఆ ఇంటి మాట ఎత్తేది కాదు. ఎత్తకపోవడమే అతనికి ఎక్కువ బరువు.

ఏడో నెలలో గిడ్డంగి యజమాని కబురు పెట్టాడు. ఇల్లు అద్దెకిస్తాడట, లోపలంతా తెల్లరంగు కొట్టాలట.

"వెళ్లొద్దు బావా," అన్నాడు బావమరిది.

"ఎందుకెళ్లను? పని పనే."

తలుపు తీస్తే లోపల మూసిన గాలి. మిగిలిన లేత ఆకుపచ్చ గోడ, మధ్యలో పచ్చి గాయంలా పగులు, దాని మీద గాజుపట్టీ. లప్పం మేస్త్రీ టార్చి వేసి చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరకు వేలితో తడిమాడు. గీత కూడా లేదు. పగుల్లో అప్పుడే కొత్త సాలెగూడు మొదలైంది.

"నువ్వు చెప్పిందే నిజం బావా," అన్నాడు బావమరిది మెల్లగా.

మేస్త్రీ పట్టీని చాకుతో జాగ్రత్తగా ఊడదీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పగులు పూడ్చాడు. ఆకుపచ్చ మీద తెలుపు ఒక పూతతో ఆగలేదు. రెండో పూతకు మునిగిపోయింది.

సాయంత్రం మెట్లెక్కి వచ్చేసరికి మిషను చప్పుడు ఆగింది. ఆవిడ తల ఎత్తకుండా, సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది.

"ఆ గాజు… పగిలిందా?"

"పగిలింది," అన్నాడు. "నిలువునా."

ఆవిడ చాలాసేపటి నుంచి బిగబట్టుకున్న ఊపిరి వదిలింది. "పోన్లే. కొని ఉంటే నెత్తిన పడేది. బతికిపోయాం." దారం ఎక్కింది. "ఆ చొక్కా ఇటివ్వు, సున్నమంతా అంటింది. కిందకెళ్లి ఉతికేసి వస్తా."

అతని చెయ్యి జేబు మీదికి పోయింది.

"నువ్వు దిగకు. నేనే ఉతుక్కుంటా."

"ఏమయ్యా, ఒంట్లో బాగుందా? పెళ్లయ్యాక ఒక్క రుమాలు ఉతికావా నువ్వు?"

అతను బకెట్టు తీసుకుని, ఒంటి మీది చొక్కాతోనే మెట్లు దిగడం మొదలుపెట్టాడు. స్టూలు దగ్గరికి వచ్చాక బకెట్టు కింద పెట్టాడు. ఆవిడ స్టూలు మీద, మొదటిసారి అతను కూర్చున్నాడు.