బోర్లా నేసిన పేరు

మా గద్వాల ఇంట్లో మగ్గం మీద చీర బోర్లా నేసేవాళ్లం. మంచి వైపు కిందకు, పోగులు వేలాడే వైపు మా కళ్ల ముందుకు ఉంటుంది. హంస ఎటు తిరిగినా హంసే, మామిడిపిందె ఎటు వంగినా పిందే. అందుకే అన్నేళ్ల పనిలో కుడి ఎడమల సంగతి నాకెప్పుడూ పట్టలేదు. పట్టిన రోజున మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మా అమ్మాయికి ఏడేళ్లు. ఒక పొద్దున పలక పట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగి, కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుంది. వనపర్తి దవాఖానకు ఎత్తుకుపోయాం. డాక్టరమ్మ మూర్ఛ అని చెప్పి మాత్రలు రాసింది. ఒక్కపూట కూడా ఆపొద్దని నా ముఖంలోకి చూసి మరీ చెప్పింది. వచ్చేటప్పుడు దారిలో ఒక చిన్న దర్గా దగ్గర బస్సు ఆగింది. మా దిక్కు హిందువులమూ మొక్కే చోటే అది. ఒళ్లో పిల్ల వడలిపోయి పడుకుని ఉంది. బిడ్డ బాగుంటే నా చేత్తో పట్టు చాదర్ నేసి సమాధి మీద కప్పుతానని మొక్కుకున్నాను.

తర్వాత రెండు నెలలు పిల్ల చక్కగా బడికి పోయింది. మాత్రల డబ్బా దేవుడి గూట్లో పటాల వెనక్కి జరిగింది. మా ఆవిడ ఏదో గొణిగితే, "నీకేం తెల్సు? నోర్మూస్కో" అని కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

మొక్కు తీర్చుకుందామని చాచా దగ్గరికి వెళ్లాను. మసీదు పక్కన సైకిల్ షాపు నడిపే ముసలాయన, సాయంత్రాలు పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేవాడు. ఊరంతా ఆయన్ని చాచా అనే పిలిచేది.

"చాచా, అల్లా బొమ్మ ఎట్లుంటదో చెప్పుండ్రి, చాదర్ మీద ఎత్తుత" అన్నాను.

గొలుసుకు గ్రీజు పూస్తున్న చెయ్యి ఆగింది. కోప్పడతాడనుకున్నాను. నవ్వాడు.

"బొమ్మ లేదు బేటా. ఆయన ఒక్కడే. ఆయన ఎవర్నీ కనలే, ఆయనను ఎవరూ కనలే, ఆయనకు సాటి లేదు. ఖురాన్‌ల ఉన్న మాట ఇది. సాటి లేనోని బొమ్మ ఎట్ల గీస్తవు?"

నేను బతిమాలితే చేతులు కడుక్కొచ్చి, గళ్ల కాగితం మీద అల్లా పేరు అరబ్బీలో రాసిచ్చాడు. ఆ కాగితం ముందు పెట్టుకుని, గడి తప్పకుండా, జరీతో నాలుగు మూలలా నేతలో ఎత్తాను. రోజూ కాళ్లూ చేతులూ కడుక్కునే మగ్గం గుంటలోకి దిగేవాణ్ణి.

చాదర్ మగ్గం నుంచి కోసి, మంచి వైపు పైకి తిప్పి పరిచాను. అద్దంలో చూసినట్టు పేరు తిరగబడి ఉంది, నాలుగు మూలలా.

కత్తిరిద్దామంటే ఆ పేరు మీద కత్తెర ఎలా పెట్టను? పోగులు పీకితే పేరు చెరిపినట్టే. కాలిస్తే ఇంకేమన్నా ఉందా! ఎవరి కంటైనా పడి, వీడు కావాలనే చేశాడంటే? కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని, చివరికి దాన్ని మడిచి అటక మీద దాచాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే పిల్ల మళ్లీ పడిపోయింది.

మూడో రోజు ఇంకోసారి పడింది. నాకు అన్నం సహించలేదు. పిల్ల రెప్ప కొట్టినా, పలక కింద పడి చప్పుడైనా మగ్గం వదిలి ఉరికేవాణ్ణి. మంచం పక్కన కూర్చుని, "దేవునికి కోపమొచ్చింది, అందుకే గిట్లయితుంది" అని నాలో నేనే గొణుక్కునేవాణ్ణి. పిల్ల నిద్రలో ఉందనుకున్నాను.

ఇక తట్టుకోలేక శుక్రవారం నమాజు అయ్యాక చాదర్ సంచిలో పెట్టుకుని షాపుకు పోయాను. చాచా విప్పి చూశాడు. ఆయన బట్టను నెమ్మదిగా బోర్లా తిప్పాడు.

"గిటు దిక్కు సక్కగనే ఉన్నది కద."

"అది వెనక వైపు చాచా. పోగులు ఏలాడుతున్నయి."

"పైన సదివేటాయనకు పోగులు అడ్డమా? ఏ పనికైనా లోపల నియ్యత్, అంటే మనసుల ఉద్దేశం ఏందో అదే చూస్తరని మా ప్రవక్త చెప్పిండు. మరిచినా, పొరపాటయినా పట్టుకోకు మాలిక్ అని అడుగుమని ఖురానే నేర్పింది. బక్రీద్‌కు కోసే ఖుర్బానీ మాంసం, నెత్తురు గూడ ఆయనకు చేరవు బేటా, మన భయభక్తులే చేరతయి. ఇగ నీ గుడ్డ ఎంత?"

నాకు ఏడుపొచ్చింది. మరి పిల్ల ఎందుకు పడిపోతోందని అడిగాను.

"మందులిస్తున్నవా?"

"మొక్కినంక మందులెందుకు చాచా? అనుమానపడ్డట్టయితదని ఆపిన."

ఆ ముసలాయనకు కోపం రావడం అదొక్కసారే చూశాను. "తౌబా! ఒంటెను ఇడిసిపెట్టి అల్లా మీద భారమేస్త అని ఒకడంటే, ముందు కట్టు, ఎన్క భారమెయ్యి అన్నడు ప్రవక్త. రోగమిచ్చినోడే మందూ ఇచ్చిండు. మాత్రలు నువ్వు ఆపితివి, నింద ఆయన మీదేస్తివి! లెవ్, పిల్లను తీస్కొని వనపర్తి బస్సెక్కు."

అప్పటిదాకా నేను భయమనుకున్నది భయమే కాదు. బిడ్డను రెండుసార్లు పడేసింది ఈ చేతులే. బస్సులో దారి పొడవునా పిల్లను అదుముకుని కూర్చున్నాను, మళ్లీ మొదలవుతుందేమోనని దాని ముఖం మీంచి చూపు తిప్పలేదు. మొక్కిన దర్గా ఎప్పుడు దాటిపోయిందో కూడా చూసుకోలేదు. డాక్టరమ్మ ఎందుకు ఆపావని అడిగింది. చేసిందంతా ఒప్పుకున్నాను.

దవాఖాన వరండాలో కూర్చుని మాత్ర చేతిలో పెట్టుకున్నాను. పిల్ల నోరు తెరవలేదు.

"నాయినా, దేవునికి నా మీద కోపం పోయిందా?"

ఎన్ని రోజులుగా ఆ మాట లోపల పెట్టుకుని పడుకుందో నా తల్లి!

"నీ మీద ఎవరికీ కోపం లేదు బిడ్డా. చాచా చెప్పిండు. దేవునికి కోపం రాలేదంట."

పిల్ల మాత్ర వైపు చూసింది, తర్వాత నా వైపు.

"మరి నీ చెయ్యెందుకు వణుకుతుంది?"